కావడి బద్ద మీద కొండ ఊరు

తిరుమల అనే మాట చెవిన పడగానే ఎవరికైనా మొదట మనసులో మెదిలేది ఆలయం. ఆ ఆలయం చుట్టూ ఒక ఊరు ఉండేదని, శతాబ్దాల తరబడి ఆ ఊరికి బండి దారి కూడా లేదని, అక్కడ కాపురమున్న మనుషులు వండుకునే ప్రతి బియ్యపు గింజా ఎవరో ఒకరి తలమీదనో భుజం మీదనో కొండెక్కి రావలసి వచ్చేదని తలచుకునేవారు తక్కువ. 1944 ఏప్రిల్ 10న మొదటి ఘాట్ రోడ్డు ప్రారంభమయ్యేదాకా తిరుమల అన్ని విధాలా ఒక మారుమూల కొండ గ్రామమే. చిత్తూరు సీమలో పాతకాలపువాళ్లు ఈ ఊరిని ఎగువ తిరుపతి అనీ, కొండ పాదం దగ్గరున్న పట్టణాన్ని దిగువ తిరుపతి అనీ పిలిచేవారు. ఇంకా క్లుప్తంగా కొండమీద, కొండకింద అనేవారు. ఈ రెండు మాటల నడుమ ఉన్న ఎత్తు సుమారు 700 మీటర్లు. ఆ ఎత్తును రోజూ ఎక్కి దిగినవారి శ్రమ, వారి కూలి, వారి తిండి, వారి నీళ్లు, ఆ ఊరు ఊరుగా లేకుండా పోయిన తీరు ఈ ప్రసంగానికి విషయం.

ముందుగా కొండ స్వభావం తెలిస్తే తప్ప ఆ బతుకు అర్థం కాదు. తిరుమల ఉన్న శేషాచలం శ్రేణి తూర్పు కనుమల దక్షిణ భాగంలోనిది. దాని పైభాగమంతా క్వార్ట్‌జైట్ రాయి, అంటే ఒకప్పటి సముద్రతీరపు ఇసుక కోట్ల సంవత్సరాల ఒత్తిడికి బిగుసుకుపోయి ఏర్పడిన రాయి. దాని అడుగున అంతకంటే ఎంతో పురాతనమైన గ్రానైటు ఉంది, ఈ రెండు రాళ్లు కలిసే గీత ఘాట్ రోడ్డు పక్కన కొండను తొలిచిన చోట కంటికి స్పష్టంగా కనిపిస్తుంది, భూవిజ్ఞానులు దానిని ఎపార్కియన్ అసంగతి అని పేర్కొంటారు. ఆ గీతకు పైనున్న రాయికీ కిందున్న రాయికీ నడుమ కోట్లాది సంవత్సరాల కాలం లెక్కకు అందకుండా పోయిందని ఆ మాటకు అర్థం. వ్యవసాయదారుడి దృష్టితో చూస్తే ఈ రాయికి రెండు గుణాలున్నాయి. అది త్వరగా చివికి మట్టి కాదు కాబట్టి కొండమీద నాగలి దిగేంత లోతైన నేల చాలా తక్కువ. కానీ దానికి నిలువునా అడ్డంగా పగుళ్లు ఎక్కువ కాబట్టి, పడిన వాన ఆ సందుల్లో ఇంకి, ఎక్కడో ఒక కొండచరియ కింద ఊటగా బయటికి వస్తుంది. ఇలా రాతి గోడల నడుమ నీళ్లు దూకే ఇరుకు లోయనే ఈ ప్రాంతంలో కోన అంటారు. తలకోన, కైలాసకోన, సింగిరికోన అన్న పేర్లన్నీ ఆ మాటతో పుట్టినవే. అంటే తిరుమలలో దప్పికకు నీళ్లు దొరుకుతాయి, పొయ్యికి కట్టెలు దొరుకుతాయి, పూలమొక్కకు సరిపడేంత మన్ను దొరుకుతుంది, కడుపుకు కావలసిన ధాన్యం మాత్రం పండదు. ఊరి జీవనమంతా ఈ ఒక్క లోటు చుట్టూ అల్లుకుంది.

అక్కడ నివాసం ఎంత కష్టమో తొలినాటి శాసనాలే పరోక్షంగా చెబుతాయి. 9వ శతాబ్దం నాటి తమిళ శాసనాలలో తిరుచానూరులోని ఇళంకోయిల్ ప్రస్తావన ఉంది. ఇళంకోయిల్ అంటే పెద్ద కోవెలకు ప్రతినిధిగా కట్టుకున్న చిన్న కోవెల. కొండమీద నిత్యపూజ సాగించడం దుస్సాధ్యం కావడం వల్లనే కింద ప్రతినిధి మూర్తిని నిలుపుకున్నారని ఆలయ చరిత్రకారులు భావించారు. వైష్ణవ గురుపరంపర కథనం ఈ మాటను మరొక తీరుగా చెబుతుంది. శ్రీరంగంలో పాఠం చెబుతున్న రామానుజాచార్యులు, వేంకటాచలం మీద స్థిరంగా ఉండి స్వామికి పూలసేవ చేయగలవారెవరని అడిగినప్పుడు, అక్కడి చలికి, అడవికి జంకి శిష్యులందరూ మౌనం వహించగా, అనంతాళ్వాన్ ఒక్కడే లేచి నిలబడ్డాడట. ఆయన భార్యతో కొండెక్కి, పూలతోట వేసి, ఆ తోట నీళ్ల కోసం చెరువు తవ్వడానికి పూనుకున్నాడు. ఆయన తవ్వుతుంటే నిండు గర్భిణి అయిన భార్య మట్టి తట్టలు మోసింది. ఆమెకు సాయపడవచ్చిన ఒక బాలుడి మీద, అడగని సాయం చేశాడన్న కోపంతో, అనంతాళ్వాన్ చేతిలోని గునపం విసరగా గడ్డానికి గాయమైందని, ఆ బాలుడు స్వామియేనని కథ. ఆ గునపాన్ని నేటికీ ఆలయ మహాద్వారం దగ్గర గోడమీద చూపుతారు. భక్తులు ఈ కథలో స్వామి దయను చూస్తారు, అది సరైనదే. అయితే కొండమీది తొలి కాపురపు కథ ఒక చెరువు తవ్వకం కథ కావడం, అందులో కడుపుతో ఉన్న ఇల్లాలు తట్ట మోయడం కూడా గమనించవలసిన సంగతి. ఊరు పుట్టినది చేతి పనిముట్టుతో, నెత్తిమీది మట్టితో అని ఆ కథ దాచకుండా చెబుతున్నది.

కొండెక్కడానికి రెండు ముఖ్యమైన కాలిదారులున్నాయి. అలిపిరి నుంచి సాగే దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు; శ్రీనివాసమంగాపురం వైపు నుంచి, అంటే చంద్రగిరి దిక్కు నుంచి ఎక్కే శ్రీవారిమెట్టు దారి 2 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, 2,388 మెట్లు. చంద్రగిరి విజయనగర రాజులకు ముఖ్యమైన కోట కావడంతో రెండవ దారికి ఆనాడు ప్రాధాన్యం ఉండేది. 1513 నుంచి 1521 లోపల ఏడుసార్లు కొండకు వచ్చిన శ్రీకృష్ణదేవరాయల కాలంలో రాజపరివారానికి చంద్రగిరే విడిది. అలిపిరి దారిలో గాలిగోపురం దాకా ఎక్కుడు నిటారుగా ఉంటుంది, ఆ తర్వాత కొంత దూరం సమతలం వస్తుంది, మళ్లీ చివరలో మోకాళ్ల పర్వతం ఎదురవుతుంది. మోకాళ్ల మిట్ట అని కూడా పిలిచే ఈ చోట మెట్లు ఎంత ఎత్తుగా ఉంటాయంటే ఎక్కేవాడి మోకాలు గడ్డానికి తగులుతుందని జనం అంటారు. కొండంతా సాలగ్రామమయమని భావించి కాలు మోపకుండా మోకాళ్లతో ఎక్కిన భక్తుల వల్ల ఆ పేరు వచ్చిందన్న కథనమూ ఉంది.

ఈ దారిలో బరువు మోసే పద్ధతులు ప్రధానంగా మూడు. మొదటిది తలమోత: గుడ్డను చుట్టకుదురుగా చుట్టి నెత్తిన పెట్టుకొని దానిమీద బియ్యపు మూటనో, పప్పు గంపనో నిలుపుకోవడం. రెండవది కావడి: వెదురు బద్దకు రెండు చివరలా ఉట్లు కట్టి, నేతి కడవలు, నూనె డబ్బాలు, నీళ్ల బిందెలు వాటిలో పెట్టి భుజాన వేసుకోవడం. కావడి మోయడంలో నేర్పు ఉంది, ఎందుకంటే రెండు వైపులా బరువు సమంగా ఉంటేనే బద్ద భుజాన్ని కోయకుండా నడకతో పాటు ఊగుతుంది; మెట్ల మీద ఆ ఊపు తప్పితే ముందరి ఉట్టి పై మెట్టుకు కొట్టుకొని కడవ పగులుతుంది. మూడవది డోలీ, అంటే పొడవాటి వాసానికి తాళ్లతో పీటనో కుర్చీనో వేలాడగట్టి మనిషిని కూర్చోబెట్టి మోసుకుపోయే సాధనం. ముసలివారు, రోగులు, గర్భిణులు, కలవారు డోలీ ఎక్కేవారు. ఎక్కేటప్పుడు వాసం వెనక్కు వాలి ఎక్కువ భారం వెనుకవాళ్ల భుజాలమీద పడుతుంది, దిగేటప్పుడు ముందువాళ్ల మీద పడుతుంది. పైగా వెనుకనున్న బోయీకి తన అడుగు కిందనున్న మెట్టు కనిపించదు కాబట్టి ముందున్నవాడి కేక మీదనే అతడి నడక ఆధారపడుతుంది. 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి దారిలో తిరుపతికి వచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా పల్లకీ బోయీలను వెంటబెట్టుకొని దేశం తిరిగినవాడే. ఆ కాలపు యాత్రలన్నీ బోయీల కాళ్లమీదనే సాగాయి, కానీ యాత్రాగ్రంథాలలో వాళ్ల పేర్లు కనిపించవు.

మోసినవాళ్లు ఎక్కువగా కొండకింది పల్లెలవాళ్లు. చంద్రగిరి, తిరుచానూరు, కరకంబాడి చుట్టుపక్కల చేలు చాలావరకు వానను, చెరువును నమ్ముకున్నవి. రాగి, కొర్ర, సామ, ఉలవ, అనప మెట్టచేలలో పండేవి, చెరువు కింద కయ్యలలో వరి పండేది, వేరుశనగ విస్తారంగా వచ్చింది 20వ శతాబ్దంలో. ఇక్కడ కాలానికీ కొండకూ మధ్య ఒక పొందిక ఉంది. బ్రహ్మోత్సవాలు, తమిళ యాత్రికులు ఎక్కువగా వచ్చే పెరటాసి శనివారాలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వస్తాయి. అప్పటికి చేలలో కలుపు పని ముగిసి ఉంటుంది, పంట ఇంకా ఇంటికి రాదు, గాదెలో పాత గింజలు అడుగంటి ఉంటాయి. సరిగ్గా ఆ కరువు రోజుల్లోనే కొండదారిలో మోత పని దొరికేది. నవంబరు వచ్చేసరికి ఈశాన్య రుతుపవనపు ముసురు పట్టి మెట్లు పాచి కట్టేవి, కొండ మంచులో మునిగిపోయేది, యాత్రికులు పలచబడేవారు. అప్పటికి కూలివాడు కోతలకు చేలో దిగేవాడు. పొద్దున్నే రాగి సంగటి ముద్ద మింగి బయలుదేరిన మనిషికి ఆ ముద్దే పూటబలం. సంగటి అంటే నూకలన్నం ఉడుకుతుండగా రాగిపిండి వేసి తెడ్డుతో గెలికి ముద్దలు కట్టే తిండి. ఆలస్యంగా జీర్ణమవుతుంది కాబట్టి బరువు మోసేవాడికి ఆకలి త్వరగా తెలియదని రాయలసీమ పల్లెల అనుభవం. అనపకాయల కాలంలో నానిన గింజల పొట్టును వేళ్లతో పితికి తీసి వండే పితికిపప్పు ఆ సంగటికి జత.

కొండమీద కాపురమున్నవాళ్ల బతుకు ఇంకొక రకం. వారి జీవనోపాధిలో పెద్దపాలు నాణెం రూపంలో కాక అన్నం రూపంలో వచ్చేది. తిరుమల తిరుపతి శాసనాలు వెయ్యికి పైగా లభించాయి, 1930ల దశకంలో దేవస్థానం వాటిని సంపుటాలుగా ప్రచురించింది; వాటిలో ఎక్కువ తమిళంలో ఉన్నాయి, కొన్ని తెలుగు, కన్నడ భాషల్లో ఉన్నాయి. వాటిలో మళ్లీమళ్లీ కనిపించే మాట తళిగ. ఒక పళ్లెంలో నివేదించే నిర్ణీత పరిమాణం గల వండిన అన్నాన్ని తళిగ అంటారు, దానికి ఇన్ని కొలతల బియ్యం, ఇంత నెయ్యి, ఇంత పెసరపప్పు, ఇంత పెరుగు అని శాసనాలే లెక్క కట్టి చెబుతాయి. దాత ధనమో గ్రామమో సమర్పిస్తే దాని రాబడితో రోజూ తళిగలు నడిచేవి. నివేదన తర్వాత ఆ ప్రసాదంలో నాలుగవ వంతు దాత భాగం, మిగిలినది అర్చకులు, వంటవారు, నీళ్లు తెచ్చేవారు, పూలు కట్టేవారు, వేదం చదివేవారు మొదలైనవారికి వంతుల ప్రకారం చేరేది. ఆ వంతు తినడానికే కాక అమ్ముకోవడానికీ హక్కు ఉండేది. యాత్రికుడు కొనుక్కునే ప్రసాదం ఒక విధంగా ఆ ఊరి పనివాడి కూలి. ఇలా తరతరాలుగా ఒకే ఇంటికి సంక్రమించే పనినీ, ఆ పనికి దక్కే వంతునూ కలిపి మిరాసీ అన్నారు. వంటశాలను పోటు అంటారు, అక్కడి మిరాసీ వంటవారికి గమేకార్లు అని పేరు. కట్టెల పొగలో, రాగి గంగాళాల వేడిలో తెల్లవారుజాము నుంచి నిలబడి వండిన ఈ గమేకార్ల శ్రమ మీదనే తిరుమల ప్రసాదాల కీర్తి నిలిచింది. 1987లో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన 30వ చట్టం మిరాసీలను రద్దు చేసింది, 1996లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. పుట్టుకతో వచ్చే హక్కు పోయి జీతపు ఉద్యోగం వచ్చింది. పుట్టుకను బట్టి పని ముడిపడి ఉండడం న్యాయం కాదన్న మాట నిజమే, అయినా శతాబ్దాలుగా అన్నపు లెక్కతో నడిచిన ఒక ఊరి ఆర్థిక వ్యవస్థ దానితోపాటే ముగిసిందన్న సంగతి చరిత్రలో నమోదు కావలసినదే.

మరి ఆ బియ్యం ఎక్కడిది? కొండ కింది గ్రామాలది. బర్టన్ స్టెయిన్ అనే చరిత్రకారుడు 1960లో ప్రచురించిన వ్యాసంలో, విజయనగర కాలంలో తిరుపతి ఆలయం తనకు కానుకగా వచ్చిన ధనాన్ని కొండ కింది దేవగ్రామాలలో చెరువులకు, కాలువలకు పెట్టుబడిగా పెట్టి, పెరిగిన పంటతో నివేదనలు సాగించిందని శాసనాల ఆధారంగా నిరూపించాడు. భక్తుడి కానుక కాలువ తవ్వే కూలివాడికి కూలిగా మారి, కాలువ నీరు వరిగా మారి, వరి బియ్యమై తలమూటలో కొండెక్కి, తళిగగా నివేదనై, వంతుగా విడిపోయి, తిరిగి యాత్రికుడి చేతికి వచ్చేది. 15వ శతాబ్దంలో సాళువ నరసింహరాయలు కొండమీద, కొండకింద రామానుజకూటాలను, అంటే యాత్రికులకు ఉచితంగా అన్నం పెట్టే సత్రాలను నెలకొల్పి కందాడై రామానుజ అయ్యంగారి అజమాయిషీలో ఉంచాడు. ఆ సత్రం పొయ్యి ఆరకుండా ఉండాలంటే ప్రతిరోజూ మెట్లమీద ఎన్ని మూటలు కదలాలో ఊహించుకుంటే, ఆలయ వైభవమంటే ఏమిటో ఇంకొక కోణం నుంచి అర్థమవుతుంది.

నీళ్ల సంగతి వేరు. ఊళ్లో స్వామి పుష్కరిణి ఉంది, బావులున్నాయి, కానీ అభిషేకానికి తీర్థజలమే కావాలి. రామానుజులకు మేనమామ అయిన తిరుమలనంబి ఆలయానికి దూరంగా అడవిలో ఉన్న పాపవినాశనం నుంచి రోజూ కుండతో నీళ్లు మోసుకొచ్చేవాడని, ఒకనాడు దారిలో బోయవాడి వేషంలో వచ్చిన స్వామి దాహమని అడిగి, ఇవ్వనంటే బాణంతో కుండకు చిల్లిపెట్టి తాగి, ముసలితనంలో అంతదూరం నడవనక్కరలేకుండా దగ్గరలోనే కొండను బాణంతో కొట్టి ఆకాశగంగను రప్పించాడని సంప్రదాయం చెబుతుంది. ఏటా జరిగే తన్నీరముదు ఉత్సవం దీనికి జ్ఞాపకం. నీళ్లు మోసేవాడి నడుము నొప్పిని దేవుడు గుర్తించాడన్న ఊహ ఈ కథకు ప్రాణం, ఇలాంటి ఊహ నీళ్లు మోసిన ఊళ్లోనే పుడుతుంది.

పూల విషయంలో ఆ ఊరు పెట్టుకున్న కట్టుబాటు ఇంకా గొప్పది. కొండమీద పూసిన ప్రతి పువ్వూ స్వామిదే కాబట్టి తిరుమలలో ఆడవాళ్లు తలలో పూలు పెట్టుకోరు. తెలుగు ఇంట్లో ముత్తైదువకు పువ్వు లేకపోవడం ఎంత లోటో తెలిసినవారికి ఈ త్యాగం విలువ తెలుస్తుంది. శాసనాలలో తిరునందవనాలుగా పేర్కొన్న పూలతోటల నుంచి కోసి తెచ్చిన పూలను ఆలయంలోని యమునోత్తరై అనే అరలో మాలలుగా కడతారు. వాడిన నిర్మాల్యాన్ని ఎవరికీ ఇవ్వకుండా పూలబావిలో వేసేవారు.

ఊరి హద్దు దాటితే అడవి, ఆ అడవి అంచున యానాదులు. ఆంధ్రప్రదేశ్‌లో 5 లక్షలకు పైగా జనాభా ఉన్న ఈ గిరిజనులు నెల్లూరు, తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో విస్తరించి ఉన్నారు. తీరంలో చేపలు పట్టేవారు, చేలలో ఎలుకలు పట్టి పంట కాపాడేవారు, కొండపట్టున అడవి సరుకు ఏరేవారు అని వారిలోనే బతుకు తెరువులు వేరు. కొండపట్టు మనుషులు ఏ నెలలో ఏ చెట్టు ఏమి ఇస్తుందో చెప్పగల జ్ఞానులు. పొగబెట్టి తేనె దించడం, చీపురు గడ్డి కోసి కట్టలు కట్టడం, ఉసిరి, కరక్కాయ, కుంకుడు, చింతపండు, సీతాఫలం గంపల్లో సంతకు తేవడం వారి పని. మారెడు గడ్డలు అనే సువాసన గల వేళ్లను రాళ్ల సందుల్లోంచి తవ్వి తెస్తారు. రాయలసీమలో ఎండాకాలం వచ్చిందంటే వాడవాడలా కనిపించే నన్నారి షరబతుకు వాడే వేళ్లలో ఇవి కూడా ఉన్నాయి. తీగను మొత్తంగా పెకలించకుండా కొంత వేరు నేలలో వదిలితే అది మళ్లీ చిగురిస్తుంది, బేరగాడి తొందర పెరిగిన చోట ఆ ఓర్పు తగ్గి తీగ కనుమరుగవుతున్నది. మొగి అనే అడవి నేరేడు జాతి చెట్టు ఈ ప్రాంతపు కొండలకే పరిమితమైనది, దాని పండ్లనూ గిరిజనులు ఏరి అమ్ముతారు. 1989లో ఇక్కడ శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం ఏర్పడింది, 2010లో శేషాచలం జీవావరణ రిజర్వు ప్రకటితమైంది. అడవిని కాపాడాలన్నది అవసరమైన నిర్ణయం. ఆ అడవిని తరాలుగా తెలిసి వాడుకున్నవాడు అందులో అడుగుపెట్టడానికి అనుమతి వెతుక్కోవలసి రావడం మాత్రం బాధాకరమైన పరిణామం. ఎర్రావారిపాళెం మండలం నెరబైలు దగ్గర తలకోనలో వన సంరక్షణ సమితి పేరుతో స్థానికులే పర్యాటకుల ఏర్పాట్లు చూసుకోవడం వంటి ప్రయత్నాలు ఆ బాధను కొంత తగ్గించగలవని చెప్పవచ్చు.

19వ శతాబ్దం చివరికి రైలు దిగువ తిరుపతి దాకా వచ్చింది, యాత్రికుల సంఖ్య పెరిగింది, కానీ రైలు దిగినవాడు కూడా కొండను కాళ్లతోనే ఎక్కాలి. 1843 నుంచి ఆలయ నిర్వహణ హాథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండేది. ఆ మఠానికి మూలపురుషుడైన హాథీరాం బావాజీని లంబాడీలు ఆరాధ్యుడిగా కొలుస్తారు; ఎద్దుల మందలమీద ధాన్యం, ఉప్పు వేసుకొని కనుమలు దాటించిన ఆ జాతి జీవనోపాధిని కూడా రైలు, రోడ్డు దెబ్బతీశాయన్నది చరిత్ర. 1932 నాటి మద్రాసు చట్టం ప్రకారం 1933లో తిరుమల తిరుపతి దేవస్థానం ఏర్పడింది, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో రోడ్డు పని సాగింది, మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ 1944లో దానిని ప్రారంభించాడు. రోగి, ముసలివాడు, పేద యాత్రికుడు కూడా కొన్ని గంటల్లో కొండ చేరగలగడం సామాన్యమైన మేలు కాదు. అయితే ఒక మోటారు బండి ఒక్కసారి తెచ్చే బియ్యం అంతకుముందు వందల మంది తలలమీద వచ్చేది. ఆ తలలకు పని పోయింది. దారిపొడవునా మజ్జిగ, నీళ్లు, అటుకులు, బొరుగులు అమ్ముకున్న చిన్న చిన్న చావళ్లకు గిరాకీ పలచబడింది. 1970లలో రెండవ ఘాట్ రోడ్డు రావడంతో ఎక్కే బండ్లకొక దారి, దిగే బండ్లకొక దారి ఏర్పడి, రద్దీకి ఇక అడ్డు లేకుండా పోయింది.

రోడ్డు తెచ్చిన జనం చివరికి ఊరినే తొలగించారు. రోజూ వేల మంది వచ్చే చోట ఆలయం చుట్టూ ఇరుకు సందుల్లో ఇళ్లు ఉండడం ప్రమాదమని, మాడవీధులు విశాలం కావాలని మాస్టర్ ప్లాన్ వచ్చింది. 1980ల నుంచి 2000ల తొలి ఏళ్ల దాకా దశలు దశలుగా ఇళ్లు, అంగళ్లు తొలగించారు, 2003లో ఆలయం ఎదుటి వేయికాళ్ల మండపాన్ని కూడా తీసివేశారు. చాలా కుటుంబాలు దిగువ తిరుపతికి దిగిపోయాయి, కొందరు కొండమీదనే ఆలయానికి ఎడంగా ఉన్న బాలాజీనగర్‌లో స్థిరపడ్డారు, మరికొందరికి దుకాణాల అనుమతులు దక్కాయి. తొక్కిసలాట భయం ఉన్న చోట ఈ నిర్ణయానికి కారణం లేదని అనలేము. కానీ పుట్టినప్పటినుంచి గుడిగంటతో నిద్రలేచిన మనిషికి కొండకింది ఇల్లు ఎంత పెద్దదైనా అది వేరే ఊరే. పొరుగింటి అరుగు, వీధి చివరి బావి, ఏ ఇంటివారు ఏ సేవకు వెళతారో తెలిసిన పలకరింపు, ఇవి నష్టపరిహారపు జాబితాలో చోటుచేసుకునే వస్తువులు కావు.

మెట్లమీది మోత తగ్గినా శేషాచలంలో మోత పూర్తిగా ఆగలేదు, అది అడవి లోపలికి జరిగింది. దక్షిణ తూర్పు కనుమలలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనం నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువైన కర్ర; దానిని దొంగతనంగా నరికి, చీకట్లో తలమీద పెట్టుకొని కొండలు దాటించే కూలీలలో చాలామంది తమిళనాడులోని జవ్వాదు కొండల మలయాళి అనే తెగ గిరిజనులు. సామలు తప్ప పెద్దగా ఏమీ పండని రాతిచేలు, ఊరికి దూరమైన సంత, ఏడాదిలో చాలా నెలలు పనిలేకపోవడం వారిని దళారి చేతికి అప్పగిస్తున్నాయి. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరికి సమీపంలోని శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పులలో 20 మంది మరణించారు, వారిలో ఎక్కువమంది తిరువణ్ణామలై, ధర్మపురి జిల్లాల కొండ ఊళ్లవారు. కర్ర అమ్ముడుపోయే ధరకూ దానిని మోసినవాడికి అందే కూలికీ ఉన్న దూరం ఏ కొండ ఎత్తుకంటే కూడా ఎక్కువ. ఒక కొండ ఊరి పేదరికం మరొక కొండ అడవిలో ప్రాణాలు వదలడం ఈ సీమ చరిత్రలో మరువరాని దుఃఖం.

తిరుమల దాహం తీర్చడానికి ఇప్పుడు గోగర్భం, పాపవినాశనం, ఆకాశగంగ, కుమారధార, పసుపుధార జలాశయాలున్నాయి, అవి చాలని రోజుల్లో కొండ కిందనున్న కల్యాణి డ్యాము నుంచి గొట్టాల ద్వారా నీటిని పంపులతో పైకి తోడుతారు. గదుల్లో కుళాయి తిప్పే యాత్రికుడికి ఆ నీరు ఎంత ఎత్తు ఎక్కి వచ్చిందో తెలిసే అవకాశం లేదు. అయినా పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థానికి, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థానికి ముక్కోటి పేరుతో వేలమంది రాళ్లమీద నడిచి కోనల్లోకి దిగుతూనే ఉన్నారు. ప్రతిరోజూ తెల్లవారకముందే సన్నిధి గొల్ల అనే సేవకుడు దివిటీ పట్టుకొని అర్చకుడి ఇంటికి వెళ్లి, ఆయనను వెంటబెట్టుకొని వచ్చి ఆలయం తలుపులు తెరిచే వేళకు హాజరవుతూనే ఉన్నాడు. స్వామి తొలి దర్శనం అతడిది. తిరుమలనంబి వంశంవారు స్వామి కైంకర్యానికి ఆకాశగంగ నీటిని ఈనాటికీ బిందెలతో మోసుకొస్తున్నారు.